పగిలిన సామాన్ల పుస్తకం

రామచంద్రపురం,
15 ఫిబ్రవరి 2025, శనివారం.

చిరంజీవి సాయిప్రసన్నకు మామ్మ ఆశీస్సులు.

మొన్న గురువారం సాయంత్రం ఏడు గంటల నలభై నిమిషాలకు నువ్వు ఫోనులో "ఈ ఎమ్మెస్సీ నావల్ల కాదు, మానేసి వచ్చేస్తాను" అన్నావు. ఎందుకని అడిగాను. "మీకు చెప్పినా అర్థం కాదు" అని ఫోను పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. అర్థం కానిదాన్ని కాగితం మీద పెట్టి చూడడం నాకు అలవాటు.

ఇకనుంచి ముఖ్యమైన మాటలేవీ ఫోనులో వద్దు. "నేనలా అనలేదు మామ్మా" అని నువ్వంటావు. "అన్నావు" అని నేనంటాను. మధ్యలో మీ తాతగారు "సిగ్నల్ లేదేమోనే" అంటారు. రాసిన మాటకు ఈ గొడవ ఉండదు.

నా డైరీ ప్రకారం నువ్వు చదువు మానేస్తాననడం ఇది మూడోసారి. డిసెంబరు 20న కారణం మెస్సులో సాంబారు. జనవరి 17న మీ రూములో ఉండే వెంకటదుర్గ నీ బకెట్టు వాడుకుంది. ఈసారి, నువ్వు తరవాత మీ అమ్మతో చెప్పిన ప్రకారం, మీ గైడు గున్నేశ్వరరావు గారు కొబ్బరాకుల మీద తెల్లదోమను మళ్లీ లెక్కపెట్టమన్నారు. మూడు కారణాలకూ ఒకదానితో ఒకదానికి పొంతన లేదు. ఆఖరి సెమిస్టరులో ఉన్న పిల్ల మాట్లాడవలసిన మాటలేనా ఇవి? జవాబు రాయి.

ఇక్కడ అందరం బాగున్నాం. దాళ్వా వరి పంటకు కాలవ నీళ్లు వంతులవారీగా ఇస్తున్నారు. మంగళవారం మీ అమ్మ ఊరగాయ జాడీ మూత పగలగొట్టింది. పగిలిన సామాన్ల పుస్తకంలో తేదీ, వస్తువు, పేరు, కారణం నాలుగు గళ్లూ నింపాను. 1979 నుంచి ఆ పుస్తకంలో ఒక్క గడి ఖాళీ లేదు.

ఇట్లు,
మామ్మ,
రత్నమాణిక్యం.

రాజమండ్రి, లేడీస్ హాస్టల్,
21 ఫిబ్రవరి 2025.

మామ్మగారికి నమస్కారాలతో ప్రసన్న రాయునది.

మీ ఉత్తరం మా రూములో అందరం చదువుకున్నాం. ఏడు గంటల నలభై నిమిషాల దగ్గర వెంకటదుర్గ మంచం మీద పడి నవ్వింది. వాళ్లది మొగల్తూరు. "మా నానమ్మ అయితే తిట్టేసి మర్చిపోతుంది, మీ మామ్మగారు రసీదు పంపిస్తారేంటే" అంటుంది.

మామ్మా, మానేస్తానని ఊరికే అన్నాను. భాదలో ఏదో అనేస్తాం, దాన్ని పట్టించుకోకండి. తెల్లదోమను మళ్లీ లెక్కపెట్టాను. నా లెక్కే తప్పని తేలింది, గైడు గారు కరెక్టు. ఆ రోజు మాత్రం ఆయన్ని ఆ కొబ్బరి చెట్టుకే కట్టేయాలనిపించింది. ఎందుకో ఇప్పుడు నాకే అర్ధం కావడం లేదు.

దుర్గ సైకాలజీ ప్రాజెక్టు కోసం హాస్టల్లో విధ్యార్థినులు అరవై మంది చేత ఫారాలు నింపిస్తోంది. నేనూ నింపాను. అది చూసి నాకు పి.ఎం.ఎస్. ఉండొచ్చు అంది. ఖాయంగా తెలియాలంటే రెండు నెలల పాటు రోజూ ఒక కాగితం నింపాలట. అదేంటో ఇక్కడ రాయలేను. మన ఇంట్లో ఉత్తరం వస్తే తాతగారు హాల్లో కూర్చుని పైకి చదువుతారు కదా. (తాతగారూ, నమస్కారం.)

ఇప్పుడు చాలా హుషారుగా ఉన్నాను. మజ్జిగ మిరపకాయలు అయిపోయాయి, అప్పడాలు కూడా. అమ్మతో చెప్పండి.

మీ ప్రసన్న.

రామచంద్రపురం,
25 ఫిబ్రవరి 2025, మంగళవారం.

చిరంజీవి సాయిప్రసన్నకు,

నీ ఉత్తరంలో తప్పులు మూడు. 'బాధ'కు వత్తు రెండో అక్షరానికి. 'అర్థం'లో థ. 'విద్యార్థి'లో ద్య. ఒక్కొక్కటి పదిసార్లు రాసి పంపు.

"ఊరికే అన్నాను" అని రాశావు. నాకు అదే నచ్చలేదు. మాట అంటే మాటే. మూడుసార్లు అన్నమాట ఊరికే అన్నది ఎలా అవుతుంది? మానేయాలని నిజంగా ఉంటే కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. నేను అడ్డుపడను. నువ్వు రాయకపోతే ఆ మాట ఇక నా చెవిన పడకూడదు. ఈ రెంటికీ మధ్య ఇంకో దారి లేదు.

పి.ఎం.ఎస్. సంగతి. రెండు నెలల పాటు ఫారాలు నింపడమంటే అది ప్రధానమంత్రి పథకమే అయివుంటుందని మీ తాతగారు తేల్చారు. 'ఎస్' అంటే స్కీము అన్నారు. నీ ఆధార్ జిరాక్సు పట్టుకుని నిన్న వార్డు సచివాలయానికి వెళ్లారు. అక్కడ పనిచేసే పాపాయి అనే అమ్మాయి "ఏం కావాలండి తాతగారూ" అందట. "మా మనవరాలికి పి.ఎం.ఎస్. వచ్చిందమ్మా, ఇంట్లో వాళ్లం ఏమేం కాగితాలు పెట్టాలి?" అని ఈయన అడిగారు. ఆ పిల్ల కంప్యూటరు వెనక్కి తల దించేసి చాలాసేపు లేవలేదట. తరవాత "మామ్మగారిని ఒకసారి రమ్మనండి" అందట. నేను వెళ్లలేదు. పెద్దాయన అడిగితే నవ్వే చోటికి నేను వెళ్లను. ఆ పథకానికి అర్హత ఏమిటో, నీకు ఏ లెక్కన వచ్చిందో నువ్వే వివరంగా రాయి.

సత్యనారాయణ వ్రతం మార్చి 2 ఆదివారం పెట్టుకున్నాం. వంటింటి తలుపు వెనక క్యాలెండరులో మీ అమ్మ చుట్టిన సున్నాలు లెక్కపెట్టి ఆ రోజు నిర్ణయించాను. పూజకైనా ఆవకాయకైనా ఈ ఇంట్లో ముందు చూసేది ఆడవాళ్లు దూరమయ్యే రోజుల సున్నాలే. పంతులుగారి పంచాంగం తరవాత. పాత క్యాలెండర్లు కూడా కట్టలు కట్టి దాచాను. ఏ లెక్క ఎప్పుడు పనికొస్తుందో చెప్పలేం.

ఇట్లు,
మామ్మ.

రాజమండ్రి,
13 మార్చి 2025.

మామ్మగారికి,

మీరు అడిగిన ప్రకారం రాసి ఇస్తున్నాను.

నాకు ఈ చదువు అక్కర్లేదు. ఇంత శ్రమపడి నేను లెక్కపెట్టిన తెల్లదోమ పట్టిక గున్నేశ్వరరావు గారి కంటికి ఆనలేదు. సెమినార్లో పదిమంది ముందు "మీ ఊరి దోమలకి ఎనిమిది కాళ్లు ఉంటాయా అమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. మీరు కూడా నవ్వండి. తాతగారు సచివాలయంలో నా పేరు చెప్పి నవ్వులపాలు చేశారు. మీరు దాన్ని మూడు వాక్యాల్లో ముచ్చటగా రాశారు. నేను బాధలో ఉన్నానని చెబితే వత్తు ఎక్కడ పెట్టాలో చెబుతారు. ఈ ఇంట్లో ఎవరికీ నేను అక్కర్లేదని నాకు బాగా అర్థమైంది.

వెంకటదుర్గతో మాటలు లేవు. అన్నిటికీ తన కాగితం తీసి "ఈ రోజు ఎన్ని మార్కులు వేస్తావు" అని అడుగుతోంది.

మానేస్తున్నాను. టీసీ తీయించండి. ఇది ఊరికే అన్నమాట కాదు. సంతకం కింద ఉంది.

(సంతకం)
కె. సాయిప్రసన్న,
ఎమ్మెస్సీ బాటనీ, ఆఖరి సంవత్సరం.

రామచంద్రపురం,
17 మార్చి 2025, సోమవారం.

చిరంజీవి సాయిప్రసన్నకు,

ఉత్తరం శనివారం అందింది. తప్పు ఒక్కటి కూడా లేదు. 'శ్రమ', 'బాధ', 'అర్థం' అన్నీ సరిగ్గా ఉన్నాయి. కలం గట్టిగా నొక్కడం వల్ల 'మానేస్తున్నాను' దగ్గర కాగితం చిరిగింది. ఇది ఊరికే రాసినది కాదని నాకు తెలిసింది.

రెండు రోజులు ఆలోచించాను. మీ తాతగారు "ఒకసారి ఫోను చేద్దామే" అన్నారు. వద్దన్నాను. రాసి, సంతకం పెట్టి అడిగిన పిల్లను బతిమాలడమంటే దాని మాటకు విలువ లేదని చెప్పడమే. మీ ప్రిన్సిపాల్ గారికి టీసీ ఇప్పించవలసిందిగా దరఖాస్తు రాశాను. నీ ఉత్తరం అసలు ప్రతిని దానికి జతచేశాను. ఈ ఉత్తరం మీ తాతగారు పోస్టు చేస్తారు. ఆ దరఖాస్తు కవరు మాత్రం రిజిస్టరు చేయించాలి కాబట్టి ఉదయం పది గంటలకు మీ అమ్మ బజారుకు వెళుతుంటే ఆమె చేతికి ఇచ్చాను.

నీ గదిలో మీ నాన్న పెట్టిన విత్తనాల బస్తాలు తీయిస్తున్నాను. మండపేట మీదుగా వచ్చే బస్సు ఎక్కు, సామాను ఎక్కువైతే కండక్టరుకు ముందే చెప్పు. నిన్ను ఎవరూ ఏమీ అనరు. దానికి నాది పూచీ.

గైడు గారు అన్నమాట బాగాలేదు. మీ తాతగారు వెళ్లడం కూడా పొరపాటే. నేను దాన్ని ముచ్చటగా రాయడం ఇంకో పొరపాటు. ఇది వేరే రాస్తున్నాను, ఎందుకంటే ఇది వేరే విషయం.

ఇట్లు,
మామ్మ.

(కవరు మీద: తాతగారు పైకి చదవకూడదు. మామ్మగారు స్వయంగా కళ్లజోడు పెట్టుకుని చదవాలి.)

రాజమండ్రి,
21 మార్చి 2025.

మామ్మా,

ఎంత పని చేశారండి.

మీ ఉత్తరం నిన్న వచ్చింది. వెంటనే మీకు ఫోను చేశాను. మీరు "ఉత్తరం రాయి" అని పెట్టేశారు. అమ్మకి చేస్తే "ఏం కాదులే, అన్నం తిన్నావా" అంటుంది. ఇక్కడ నా సీటు పోతుంటే అన్నమేంటండి. ఆఫీసుకి పరుగెత్తాను. గుమస్తా గారు "ధరఖాస్తు ఇంకా రాలేదమ్మా, వస్తే మాత్రం నీ చేతి రాతే ఉందంటున్నావు, ఇంక మేమేం చేస్తాం" అన్నారు. నిన్నటి నుంచి టపా వచ్చే టైముకి వెళ్లి ఆ గుమ్మం దగ్గర నిలబడుతున్నాను. ఇంకో రెండు నెలల్లో పరీక్షలు మామ్మా. ఇప్పుడు టీసీ ఇస్తే రెండేళ్ల చదువూ గోదాట్లో కలిసినట్టే.

నేను మానేయాలనుకోలేదు. ఆ రోజు మాత్రం నిజంగానే అనుకున్నాను. రెండూ నిజమే, అదే మీకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ దాచాను. ఇప్పుడు చెబుతాను.

పి.ఎం.ఎస్. పథకం కాదు. నెలసరికి ముందు కొన్ని రోజులు కొందరికి ఒళ్లు బరువెక్కుతుంది, నిద్ర పట్టదు, కోపం, ఏడుపు, ఎవరికీ అక్కర్లేదన్న దిగులు. నెలసరి వచ్చిన ఒకటి రెండు రోజులకు అదంతా ఎవరో చేత్తో తీసేసినట్టు పోతుంది. దుర్గ అడిగిన అరవై మందిలో నలభై ఒక్క మందికి దానికో పేరుందని కూడా తెలియదు. కడుపునొప్పి సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందు వారం మనసుకు వచ్చేదాన్ని మాత్రం "నా గుణమే అంత" అనుకుంటున్నారు. అప్పుడేం చేస్తారని అడిగితే పది మంది "పడుకుంటాను" అని రాశారు. ఏడుగురు "అమ్మ మీద అరుస్తాను". ఒకమ్మాయి ప్రతి నెలా ఒకే అబ్బాయిని బ్లాక్ చేసి ఆరో రోజున తీసేస్తుందట. డాక్టరుకి చెప్పినవాళ్లు ఇద్దరే.

నేను ఉత్తరం రాసింది 13న. నెలసరి 18న వచ్చింది. 20న మీ ఉత్తరం చదివి, టీసీ ఎవరడిగారా అనుకున్నాను. దుర్గ నా కాగితం చూపించి "నువ్వే అడిగావే, నీ పేరు ప్రసన్న అయినా నెలకి ఆరు రోజులు సెలవు" అంది. ఇప్పుడు మాటలు కలిశాయి. నిద్ర, నడక, ఉప్పు తగ్గించడం, కాఫీ తగ్గించడం, అన్నిటికన్నా ముందు రోజూ తేదీ వేసి రాసుకోవడం అని తన కాగితంలో ఉంది. అప్పటికీ తగ్గకపోతే మందులు కూడా ఉన్నాయట.

దయచేసి ఆ కవరు ఆపండి. ఎంత భాద పెట్టానో తెలుసు. కాళ్లకి దణ్ణం పెడతాను.

ప్రసన్న.

రామచంద్రపురం,
24 మార్చి 2025, సోమవారం.

చిరంజీవి సాయిప్రసన్నకు మామ్మ ఆశీస్సులు.

నీ సీటు ఎక్కడికీ పోలేదు. ముందు ఆ గుమ్మం దగ్గర నిలబడడం మానెయ్యి. తరవాత మిగతాది చదువు.

నీ ఉత్తరం ఈ రోజు పదకొండు గంటలకు అందింది. నేనే చదివాను. తప్పులు రెండు. 'దరఖాస్తు', 'బాధ'. అవి చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

చదవగానే వంటింట్లోకి వెళ్లి, "సత్యకుమారీ, రాజమండ్రి బయల్దేరాలి. ఆ కవరు ఆఫీసులో విప్పకముందే అందుకోవాలి" అన్నాను. మీ అమ్మ చేతులు కడుక్కుని, సామాన్ల గదిలోకి వెళ్లి, ఖాళీ ఆవకాయ జాడీ మీద వాసెన గుడ్డ విప్పి, లోపలి నుంచి కవరు తీసి నా చేతిలో పెట్టింది.

"పోస్టు చేయలేదండి అత్తయ్యగారూ."

"ఎందుకు చేయలేదు?"

"ఎనిమిది రోజులు చూద్దామనుకున్నానండి. ఇవాళ్టికి ఎనిమిది."

"ఈ ఎనిమిది ఏ లెక్క?"

"నాకు ఆరు రోజులకి తగ్గుతుందండి. ఉత్తరం వచ్చేసరికి ఎన్ని పోయాయో తెలీదు కదా. అందుకని రెండు కలిపి మళ్లీ మొదట్నుంచి లెక్కేశాను."

ఆమె ఈ ఇంటికి వచ్చి ఇరవై నాలుగేళ్లు. ఈ లెక్క ఒకటి ఆమె దగ్గర ఉన్నట్టు నాకు తెలియదు.

అప్పుడు మీ తాతగారు కుర్చీలోంచి లేచారు. "మన ఇంట్లో పోస్టుకిచ్చిన ఉత్తరాలన్నీ పోస్టుకి వెళ్లవులేవే మాణిక్యం" అంటూ తన ట్రంకు పెట్టె తెరిచి, పసుపు పచ్చబడిన కవరు ఒకటి తీశారు. పైన నా చేతిరాత. 1984లో నేను ఉద్యోగానికి రాసిన రాజీనామా.

ఆ ఏడాది పదో తరగతి లెక్కలు నా దగ్గర నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. ఆ సాయంత్రమే రాజీనామా రాసి, పోస్టు చేయమని ఈయనకిచ్చాను. వారం తిరక్కుండా ఎందుకు రాశానా అనుకున్నాను. దాన్ని ఆమోదించినట్టు కాగితం ఏ రోజు వస్తుందోనని నెలరోజులు గుమ్మంకేసి చూశాను. రాలేదు. దారిలో ఎక్కడో పోయిందనుకున్నాను. పోయిన ఉత్తరం పుణ్యాన దొరికిన ఉద్యోగం అనుకుంటూ ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పాను.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు అడిగితే ఇద్దామనుకున్నాను. అడగలేదుగా" అన్నారు.

అన్నం తినకుండా పగిలిన సామాన్ల పుస్తకమూ, క్యాలెండర్ల కట్టలూ ముందేసుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు లెక్క తేలింది. పుస్తకంలో మీ అమ్మ పేరున పధ్నాలుగు వస్తువులున్నాయి. అందులో పదకొండు, సున్నా చుట్టడానికి ముందు ఆరు రోజుల లోపల పగిలినవే. ఏ రోజైనా పగలవచ్చు అనుకుంటే ఆ ఆరు రోజుల వాటాకు మూడు రావాలి. పదకొండు వచ్చాయి. నీ మూడు ఫోన్లూ, సంతకం పెట్టిన ఉత్తరమూ కూడా వేసి చూశాను. ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు, మళ్లీ ఇరవై ఎనిమిది రోజులు. మూడు కారణాలకూ పొంతన లేదని నీకు రాశాను. పొంతన కారణాల్లో లేదు, తేదీల్లో ఉంది. లెక్కల టీచరును, అది నా కళ్ల ముందే ఉంది.

ఇంకొకటి కూడా రాయాలి. రాయకపోతే లెక్క పూర్తి కాదు. ఆ పుస్తకంలో నా పేరున తొమ్మిది వస్తువులున్నాయి. నా కాలం నాటి క్యాలెండర్లు చాలావరకు చెదలు తిన్నాయి. పోల్చడానికి దొరికిన ఐదింటిలో నాలుగు అలాంటి రోజుల్లోవే. రాజీనామా రాసిన ముందురోజు రెండు గాజు గ్లాసులు. కారణం గడిలో నాకు తొమ్మిదిసార్లూ 'వస్తువు జారుడుగా ఉంది' అని రాసుకున్నాను. మీ అమ్మకు పధ్నాలుగుసార్లూ 'అజాగ్రత్త' అని రాశాను. చేతులు రెండూ ఒక్కలాంటివే. రాసిన కలం ఒక్కటే.

ఇక జరగవలసినవి:

1. మార్చి 13 నాటి నీ ఉత్తరం దీనితో పంపుతున్నాను. చించవద్దు. నువ్వు తప్పులేకుండా రాసిన తెలుగు అదొక్కటే.

2. ఈ శుక్రవారంలోగా గున్నేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లి పట్టిక చూపించు. ఆయన అందరి ముందూ అన్నమాట మీద నీకు ఇప్పటికీ కోపం ఉంటే మర్యాదగా చెప్పు. ఎనిమిదో రోజున కూడా మిగిలిన కోపం అసలు కోపమే, దాన్ని ఎవరి కాగితం మీదకీ తోసేయకూడదు.

3. వెంకటదుర్గ ఇచ్చిన కాగితాలు రెండు నెలలూ వదలకుండా నింపి, ఒక జిరాక్సు నాకు పంపు. అప్పటికీ తరగతికి వెళ్లలేనంతగా ఉంటే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తోడు మీ అమ్మ వస్తుంది.

4. ఏప్రిల్ 10 నుంచి 17 వరకు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. పెందలాడే పడుకో. కాఫీ రోజుకు ఒక్కసారే. ఆ ఎనిమిది రోజులూ నన్ను ఫోనులో తిట్టవచ్చు. ఎత్తుతాను. టైము రాసుకోను.

5. ఉప్పు తగ్గించమని ఉందన్నావు కాబట్టి ఈ నెల అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు పంపడం లేదు. అలగకు. అలిగినా తేదీ వేసి అలుగు.

6. సచివాలయంలో పాపాయి ఎందుకు నవ్విందో నేను మీ తాతగారికి చెప్పాలి. నీ ఆధార్ జిరాక్సు ఇంకా ఆయన జేబులోనే ఉంది.

7. పుస్తకంలో పధ్నాలుగు 'అజాగ్రత్త'లూ ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆ గళ్లలో ఏం రాయాలో మీ అమ్మ ఇష్టం. ఇవాళ్టి నుంచి పుస్తకం, కలం ఆమె దగ్గర ఉంటాయి.

8. ఈ ఉత్తరం కూడా పోస్టు చేయమని మీ అమ్మ చేతికే ఇస్తున్నాను. నీకు అందిందంటే, ఆమె చదివి పంపవచ్చు అనుకున్నట్టే.

ఇట్లు,
మామ్మ,
రత్నమాణిక్యం.